తొమ్మిది సీసాలు, ఒకే నుయ్యి

మొన్న ఒక ఉదయం మా వీధిలోకి ఇద్దరు కుర్ర డాక్టర్లు ప్లాస్టిక్ సీసాలు పట్టుకుని వచ్చారు. ఉద్దానంలో ఇప్పుడు ఇది మామూలే. ఇక్కడ ఇంతమందికి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో కనుక్కోవడానికి ఏటా ఎవరో ఒకరు వస్తారు. రక్తం తీసుకుంటారు, నీళ్ళు పట్టుకుంటారు, వెళ్ళిపోతారు. నీళ్ళ వల్లో, ఎండ వల్లో, మరి దేనివల్లో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ ఇద్దరిలో ఉన్న అమ్మాయి అరుగు మీద నా పక్కన కూర్చుని, "మామ్మగారూ, మీరు కాపురానికి వచ్చిన కొత్తలో ఈ ఊరి నూతుల్లో నీళ్ళు ఎలా ఉండేవి? అప్పటి పరీక్షల కాగితాలు ఏవైనా ఉన్నాయేమో అని వెతుకుతున్నాం. పక్క ఊళ్ళవి దొరికాయి గానీ మీ ఊరివి దొరకడం లేదు," అంది.

దొరకవు. దొరకకుండా చేసినదాన్ని నేనే. ఆ మాట ఆ పిల్లతో అనలేక, కాఫీ ఇచ్చి, పనసతొనలు పెట్టి పంపేశాను. తర్వాత రెండు రోజులు అన్నం సయించలేదు. నోటితో చెప్పలేనిది కాగితం మీదైనా పెడదామని కూర్చున్నాను.

అరవైల చివరి ఏళ్ళ మాట ఇది. తర్వాతి రోజుల్లో దేశమంతా ఎరిగిన నాయకురాలైన ఒక శాస్త్రవేత్త, అప్పటికింకా ఎవరికీ తెలియని మనిషి, మా ఇంట్లో పదకొండు రోజులు ఉంది. ఆవిడ పేరు రాయను. రాస్తే నా తప్పు వదిలేసి అందరూ ఆవిడ పేరే చదువుతారు.

నేను టెక్కలిలో ఒక గుమాస్తా కూతుర్ని. ఎస్సెల్సీ పాసయ్యాను. దస్తూరి బాగుంటుందని మా నాన్న ఆఫీసు కాగితాలు ఇంటికి తెచ్చి నా చేత రాయించేవాడు. ఆ దస్తూరి చూసుకుని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. అలాంటిదాన్ని పలాసకు తూర్పున, సముద్రానికి దగ్గరగా, కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న ఒక ఊరికి ఇచ్చారు. మొగుడు మంచివాడు, అత్త మాట కరుకైనా చెయ్యి మెత్తన, తినడానికి లోటు లేదు. ఒక్క నీళ్ళే చెడ్డవి. ఊళ్ళో తొమ్మిది నూతులుంటే ఎనిమిదింటి నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. పెద్దవీధి నూతి నీళ్ళతో కందిపప్పు పెడితే కట్టెలు అయిపోయేవి గానీ పప్పు ఉడికేది కాదు. టీ పెడితే పాలు విరిగేవి. తాగడానికి, వండడానికి సరుగుడు తోట అవతల, ఇసుకదిబ్బ పక్కనున్న తొమ్మిదో నూతికి నడిచేవాళ్ళం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందె. ఆ నడక చేతకానివాళ్ళూ, ఒంట్లో బాగోలేనివాళ్ళూ ఉప్పునీళ్ళే తాగేవారు.

పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా మా చెల్లెళ్ళు నాకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, "తాగే, మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయో," అని ఏడిపించేవారు. నవ్వేసేదాన్ని గానీ లోపల మండేది. ఈ ఏడిపింపు ఊరికే పుట్టింది కాదు. ఈ చుట్టుపక్కల పిల్లనిచ్చే ముందు పిల్ల తరఫువాళ్ళు ఇల్లు చూడడానికి వస్తే, ముందు అడిగేది మంచినీళ్ళు. దాహం వేసి కాదు. తాగి, నాలుక మీద నిలిపి, మింగి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకని మా ఊళ్ళో ఎవరింటికి చుట్టాలొచ్చినా సరుగుడు తోట నూతి నీళ్ళ కుండ ఒకటి విడిగా ఉంచేవారు. ఆ కుండ ముట్టుకోవడానికి ఇంట్లోవాళ్ళకు హక్కు లేదు.

ఆ రోజుల్లో కొండల వైపు గొడవలు జరుగుతుండేవి. దారిలో కొత్త మనిషి కనపడితే పోలీసులు ఎక్కడివాళ్ళు, ఎందుకొచ్చారు అని ఆరా తీసేవారు. అలాంటప్పుడు ఒక ఆడమనిషి ఒంటరిగా పలాసలో రైలు దిగి, రెండు చెక్కపెట్టెలతో ఎడ్లబండి ఎక్కి మా ఊరు వచ్చిందంటే ఊరంతా వింతగా చూసింది. పెంకుటిల్లు, విడిగా ఒక గది ఉన్నాయని కరణంగారు ఆవిడను మా ఇంట్లో దింపారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు, ముతక నూలుచీర, మెడలో ఏమీ లేదు. పెట్టెల్లో వరిగడ్డి, ఆ గడ్డిలో గాజుసీసాలు. సాయంత్రానికే ఆవిడకు సీసాలమ్మ అని పేరు పడిపోయింది. మా అత్త ఒక్కర్తే ఇంకొంచెం మర్యాదగా సీసాలమ్మగోరు అనేది.

ఆవిడ ఎండిన సీమ నుంచి వచ్చిన మనిషి. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ నీళ్ళ కోసం తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేదట. "మా అమ్మ మొహం నాకు గుర్తున్నదానికంటే కుండ కింద ఆవిడ మెడ ఎక్కువ గుర్తు," అంది ఒకసారి. కాలేజీలో రసాయనశాస్త్రం చదివిన ఆడపిల్ల ఆవిడొక్కర్తేనట. ప్రయోగశాలలో చేరాక పై అధికారి మొదటి నెల అంతా టీలు కలపమన్నాడట. "కలిపాను. కొలిచి కలిపాను. ప్రతి కప్పూ ఒకేలా ఉండేది. రెండో నెలలో నాకు తూకం యంత్రం ఇచ్చారు," అని నవ్వింది. పెళ్ళెందుకు చేసుకోలేదని మా అత్త సూటిగా అడిగేసింది. నేను తల దించుకున్నాను గానీ ఆవిడ ఏమీ అనుకోలేదు. "అడిగినవాళ్ళందరూ నేను పని మానేయాలన్నారు పెద్దమ్మా," అంది.

"మంచి పని సేసినావు," అంది మా అత్త. ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆవిడ వచ్చిన పని మొదటిరోజే అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఈ తీరం ఊళ్ళలో ఒక్కొక్క నూతి నీళ్ళూ పట్టి, ప్రయోగశాలలో చూసి, ఏ ఊరి నీళ్ళు ఎంత చెడ్డవో రిపోర్టు రాస్తుంది. బాగా చెడ్డ నీళ్ళున్న ఊళ్ళకు ప్రభుత్వం లోతు బావి తవ్వి, ట్యాంకు కట్టి, కుళాయి వేస్తుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. మేమెవరమూ పొరపాటు పడలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివినవాళ్ళు మేం తెలియక చేశామని జాలిపడవచ్చు.

నాకు రాయడం వచ్చని తెలిసి నన్ను పనిలోకి తీసుకుంది. ఆవిడతో బండి మీద మూడు ఊళ్ళు తిరిగాను. నేర్పడంలో ఓపిక చాలా ఉండేది, అలసత్వం మాత్రం ఇంత కూడా లేదు. ఏ నూతి నీళ్ళు పడుతున్నామో ఆ నీళ్ళతోనే సీసా మూడుసార్లు తొలవాలి. పైన తేలే నీళ్ళు కాదు, లోపలివి పట్టాలి. గాలి బుడగ ఉండకుండా బిరడా పెట్టాలి. తాడుతో లోతు కొలవాలి. చీటీ మీద ఊరు, నుయ్యి, వేళ, లోతు రాసి దారంతో కట్టాలి. ఒకచోట నేను రెండుసార్లే తొలిచాను. ఆవిడ చూడలేదనుకున్నాను. సీసా నా చేతిలోంచి తీసుకుని, నీళ్ళు పారబోసి, మళ్ళీ నాకే ఇచ్చింది. కోప్పడలేదు. ఆవిడ దగ్గర పని చేస్తుంటే నేనూ పనికొచ్చే మనిషినే అనిపించేది. పెళ్ళయిన రెండేళ్ళలో ఆ మాట నాకు తోచడం అదే మొదటిసారి.

ఆ సంతోషంలోనే నోరు జారాను. నూతి దగ్గర ఆడవాళ్ళు చుట్టూ చేరి అడుగుతుంటే, అన్నీ తెలిసినదానిలా చెప్పాను. రిపోర్టు వచ్చాక ఏ ఊరి నీళ్ళు మంచివి, ఏ ఊరివి చెడ్డవి అని జాబితా టెక్కలి ఆఫీసు గోడకు అతికిస్తారని, మా నాన్న ఉద్యోగం చేసే చోట జాబితాలన్నీ అలాగే అతికిస్తారని, వచ్చేపోయేవాళ్ళంతా చదువుతారని చెప్పాను. నాతో ఎవరూ అలా అనలేదు. గుమాస్తా కూతుర్ని కదా, నాకు తెలియదంటే బాగుండదని నేనే కల్పించాను.

మా ఇంట్లో అప్పుడు మా మరిదికి సంబంధం చూస్తున్నారు. నందిగాం వైపు పిల్ల. ఆ శుక్రవారం పిల్ల తండ్రి ఇల్లు చూడడానికి రావలసి ఉంది. అప్పటికే రెండు సంబంధాలు నీళ్ళ దగ్గరే తప్పిపోయాయి. మా మరిది నోరు లేని మనిషి. రెండోది తప్పిపోయాక వారం రోజులు తోటలోనే పడుకున్నాడు.

మా ఊరి వంతు వచ్చే రోజుకు సీసాలమ్మకు జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతోంది. అయినా లేవబోయింది. మా అత్త భుజాలు పట్టి పడుకోబెట్టింది. అప్పుడావిడ నన్ను పిలిచి తొమ్మిది సీసాలు, తొమ్మిది చీటీలు, కొలతాడు నా చేతికిచ్చింది.

"ఈ ఊరు నువ్వు చూసుకో అమ్మాయీ. నేను చేసినా నువ్వు చేసినా ఒకటే," అంది.

సీసాలు గంపలో పెట్టుకుని పెద్దవీధి నూతి దగ్గరికి వెళ్ళాను. తెల్లగా తెల్లవారింది, ఎండ ఇంకా రాలేదు. మొదటి సీసా ఒకసారి తొలిచాను. వెనక నుంచి మా అత్త వచ్చింది, ఆవిడ వెనక ఊళ్ళో ఆడవాళ్ళు అయిదారుగురు.

"ఏటే కోడలా, ఈ నీళ్ళే పడతన్నావేటి?" అంది మా అత్త.

"అన్ని నూతులవీ పట్టాలి అత్తా. ఆవిడ అలాగే చెప్పింది."

"సెప్పింది లేయే. పట్టి ఇత్తావు, ఆయమ్మ పట్టుకుపోద్ది. మన ఊరి నీళ్ళు ఉప్పని టెక్కల్లో గోడకేసి అతికిత్తారని నువ్వే కదా సెప్పినావు. నందిగామోళ్ళు టెక్కల్రారేటి? సదువుకోరేటి?"

పక్కనున్న ఒకావిడకు ఇద్దరు కొడుకులు పెళ్ళికి ఎదిగి ఉన్నారు. ఆవిడ అంది, "కుళాయొత్తాదంటన్నారు. మరి వత్తే అందరికీ మంచిదే కదా."

"వత్తాది, వత్తాది. రోడ్డొత్తాదని మా మావ కాలం నుంచీ ఇంటన్నాను. కుళాయి నా మనవలకైనా వత్తాదో రాదో నాకు తెల్దు. శుక్కురోరం మాత్తరం వచ్చీత్తాది," అంది మా అత్త. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఆడు మళ్ళీ తోటలో పడుకుంటే నాను సూడలేనే," అంది.

మా అత్త నన్ను బలవంతపెట్టిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు. నేను కల్పించినదే అయినా, గోడ మీద ఆ జాబితాను మా చెల్లెళ్ళు చదువుతారన్న ఆలోచన నాకు అప్పటికే వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి వాళ్ళు నవ్వే నవ్వు నాకు వినపడింది. ఒకసారి తొలిచిన ఆ సీసాలో నీళ్ళు పారబోశాను. గంప నెత్తికెత్తుకుని సరుగుడు తోట దారి పట్టాను. ఆడవాళ్ళంతా నాతో వచ్చారు. సాయం పట్టారు. ఒకరు తాడు, ఒకరు చేద, ఒకరు బిరడాలు.

అక్కడ తొమ్మిది సీసాలూ ఆవిడ నేర్పినట్టే నింపాను. ప్రతి సీసా మూడుసార్లు తొలిచాను. బుడగ లేకుండా చూశాను. తర్వాత ఇసుకలో కూర్చుని, మోకాలి మీద పలక పెట్టుకుని చీటీలు రాశాను. పెద్దవీధి నుయ్యి, రామకోవెల నుయ్యి, కరణంగారి పెరటి నుయ్యి, ఇలా తొమ్మిది. లోతులు నాకు గుర్తే, రోజూ తోడే నూతులు. వేళలు ఒక్కొక్కదానికి పావుగంట తేడాతో వేశాను. అంత అందమైన దస్తూరి నేను ముందూ రాయలేదు, తర్వాతా రాయలేదు.

సీసాలమ్మ మంచం మీదే లేచి కూర్చుని చీటీలన్నీ చదివింది. "మా దగ్గర పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా రాయరు," అంది. జ్వరంతో పెదాలు ఎండిపోయాయి. సీసాలు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసింది. నా మొహంలోకి చూస్తూ, "ఇందులో నీకు అనుమానంగా ఉన్నది ఏదైనా ఉందా? ఉంటే ఫరవాలేదు, మళ్ళీ పడదాం. రెండు రోజులు ఆగుతాను," అంది.

"లేదమ్మా," అన్నాను.

అంత తేలికగా వచ్చింది ఆ మాట. ఆవిడ అడిగిన తీరులో నాకు తలుపు తెరిచి పెట్టిందని అప్పుడు తెలియలేదా అంటే, తెలిసింది. రెండు రోజులు ఆగితే శుక్రవారం అయిపోతుంది. పిల్ల తండ్రి వచ్చి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత నిజం సీసాలు పట్టి ఇవ్వవచ్చు, జాబితా గోడ మీదికి ఎప్పుడో వస్తుంది, అప్పటికి పెళ్ళి కూడా అయిపోతుంది. ఇంత లెక్క నాకు ఆ రోజు తట్టలేదు. తట్టడానికి నాకు పదహారేళ్ళు పట్టింది.

శుక్రవారం నందిగాం పెద్దాయన వచ్చాడు. విడి కుండలో నీళ్ళు తాగాడు, బాగున్నాయన్నాడు, ముహూర్తం మాట మాట్లాడుకున్నారు. జ్వరం తగ్గాక, ఆదివారం సీసాలమ్మను నేనూ, నా భర్తా బండి మీద పలాస తీసుకెళ్ళి రైలెక్కించాం. స్టేషన్లో పెట్టెలు ఆవిడే దగ్గరుండి ఎక్కించింది, కూలీ మీద వదల్లేదు. రైలు కదిలే ముందు కిటికీలోంచి, "నువ్వు ఇంకా చదువుకోవచ్చు. ఉత్తరం రాయి, నేను చూస్తాను. ఇంకేమైనా గుర్తొచ్చినా రాయి," అని చిరునామా ఇచ్చింది. ఇంకేమైనా అన్న మాట దగ్గర ఆగి చూసింది. నేను నమస్కారం పెట్టాను. ఉత్తరం రాయలేదు. ఏం రాసినా ఆ సంగతి కూడా రాయాలి కదా అని మొత్తానికే మానేశాను. నా చదువూ అక్కడితో సరి.

తర్వాత ఆవిడ సంగతులు పేపర్లో తెలుస్తుండేవి. ఆవిడ రాసిన రిపోర్టు రెండేళ్ళు ఎవరూ తెరవలేదట. వెళ్ళి అడిగితే, బీరువాలో భద్రంగా ఉందన్నారట. భద్రంగా ఉందన్న మాట విన్నాకే ఉద్యోగం వదిలేశానని తర్వాత రేడియోలో చెప్పింది. వాళ్ళ సీమలోనే ఎన్నికల్లో నిలబడింది. మొదటిసారి ఓడిపోయింది, రెండోసారి గెలిచింది. ఢిల్లీ వెళ్ళాక ఒక్కొక్క మెట్టే ఎక్కి మంత్రి అయింది, ఆ తర్వాత దేశంలో ఏ మూల సభ పెట్టినా జనం విరగబడి వచ్చేంత పెద్దదైంది. రేడియోలో ఆవిడ గొంతు వస్తే మా అత్త అందరినీ నోరుముయ్యమనేది. "మన సీసాలమ్మగోరు," అని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేది.

అధికారంలోకి వచ్చాక ఆవిడ చేసిన మొదటి పనుల్లో ఆ రిపోర్టు బయటికి తీయించడం ఒకటి. ఆవిడతో బండి మీద తిరిగిన ఆ మూడు ఊళ్ళకూ ట్యాంకులు లేచాయి. కుళాయిలు పడ్డాయి. మా ఊరికి రాలేదు. నా భర్త టెక్కలి వెళ్ళి కనుక్కుంటే, రిపోర్టులో మీ ఊరి పేరే లేదన్నారు. ఊళ్ళో మగవాళ్ళు ఇది ఎవరో అధికారి చేసిన అన్యాయమన్నారు. ఆడవాళ్ళం నోరెత్తలేదు. నూతి దగ్గర ఒకరినొకరం చూసుకోవడం కూడా మానేశాం. మంచి నీళ్ళున్న ఊరని పక్కన పెట్టేశారని నేననుకున్నాను. జాబితా మాత్రం ఏ గోడకూ ఎవరూ అతికించలేదు.

నందిగాం పిల్ల మా ఇంటికి తోటికోడలై వచ్చింది. చిన్న మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. వచ్చిన నెలకే నీళ్ళ పని తన మీద వేసుకుంది. "అక్కా, నీకు పిల్లలున్నారు, నానెల్తాన్లే," అనేది. నేను వద్దనేదాన్ని కాదు. రెండోసారి నీళ్ళోసుకున్నప్పుడు కూడా బిందె దించలేదు. ఆ కాన్పు నిలవలేదు. నీళ్ళు మొయ్యడం వల్ల పోయిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ ఆ తర్వాత ఆమె సరుగుడు తోట నుంచి వచ్చే వేళకు నేను పెరట్లో పని పెట్టుకునేదాన్ని, ఎదురు పడకుండా.

పదహారేళ్ళకు ఆవిడ మళ్ళీ పలాస వచ్చింది, సభకు. ఊరి నుంచి లారీ కట్టుకుని వెళ్ళాం. మా అత్త అప్పటికి లేదు. జనంలో ఎక్కడో వెనక నిలబడ్డాను. జుట్టు తెల్లబడింది గానీ మనిషి అలాగే ఉంది. మాట మధ్యలో మా సంగతి ఎత్తింది. "ఈ ఉద్దానంలో ఒక కొత్త కోడలు నాకు నిజాయితీ అంటే ఏమిటో నేర్పింది. నేను జ్వరంతో పడి ఉంటే తొమ్మిది నూతులు తిరిగి తొమ్మిది సీసాలు నింపి తెచ్చింది. చీటీల మీద ఒక్క తప్పు లేదు. అలాంటి ఆడవాళ్ళున్న దేశానికి భయం లేదు," అంది. జనం చప్పట్లు కొట్టారు. మా ఊరివాళ్ళు నన్ను ముందుకు తోసి, ఈమే, ఈమే అన్నారు. చప్పట్లు కొడుతున్నవాళ్ళలో ఆ రోజు తాడు పట్టిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. నాకు తల తీసేసినట్టయింది.

సభ అయ్యాక గెస్టుహౌసుకు పిలిపించింది. గదిలో ఇద్దరమే. పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలెంతమంది అని అడిగింది. నేను అడిగినదానికి జవాబు చెప్పకుండా, ఆ సీసాలన్నీ ఒక్క నూతివేనని, నేను కావాలనే అలా చేశానని గబగబా చెప్పేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను గానీ రాలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"తెలుసు అమ్మాయీ. ల్యాబులో మూడో సీసాకే తెలిసింది. తొమ్మిది నూతుల్లో ఒకే ఉప్పు, ఒకే సున్నం, చుక్క తేడా లేకుండా ఎక్కడా ఉండదు. అందుకే మీ ఊరిని రిపోర్టులోంచి తీసేశాను. తప్పు లెక్క పెట్టడం కంటే లెక్కే లేకపోవడం మేలని మాకు నేర్పారు."

"మరి ఒక ఉత్తరం రాసి ఉంటే మళ్ళీ పట్టి పంపేదాన్ని కదమ్మా," అన్నాను. నా గొంతులో కోపం నాకే కొత్తగా వినపడింది. ఏ మొహంతో అడిగానో.

"రాయాలి. నేనే రావాలి కూడా. వద్దామనే అనుకున్నాను. అంతలో బీరువా గొడవ, రాజీనామా, ఎన్నికలు. ప్రయోగశాలలోనే ఉండి ఉంటే ఆ ఖాళీ నన్ను నిద్రపోనిచ్చేది కాదు. ఢిల్లీలో నిద్ర పట్టేసింది," అంది.

"మరి అందరి ముందూ నా గురించి అలా ఎందుకు చెప్పారు?"

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మొదటిసారి ఎక్కడో సభలో నోటికొచ్చింది. అబద్ధమని తెలుసు. జనానికి నచ్చింది. తర్వాత చెప్పగా చెప్పగా నాకూ నిజమే అనిపించడం మొదలైంది," అంది. బయట కార్ల చప్పుడు. ఎవరో తలుపు తీసి టైమైందన్నారు. లేస్తూ నా చెయ్యి పట్టుకుని, నెల తిరక్కుండా మనుషుల్ని పంపిస్తాను, నువ్వే దగ్గరుండి పట్టించు అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అందని నమ్ముతాను. కానీ ఆ చలికాలంలోపే ఢిల్లీలో మంత్రివర్గం మారి ఆవిడ పదవి పోయింది. ఆవిడా ఎక్కువ కాలం బతకలేదు. మా ఊరికి కుళాయి చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది, వేరెవరి హయాంలోనో.

ఆ రోజు లారీ దిగి ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. తోటికోడలు అప్పుడే బిందెలు దించి, గుడ్డ చుట్ట విప్పుకుంటోంది. "ఏటక్కా, ఆయమ్మ పిలిసిందంట కదా, ఏటందేటి?" అని అడిగింది. ఇక దాచలేకపోయాను. గుమ్మంలోనే నిలబడి, తన పెళ్ళి తప్పిపోతుందన్న భయంతో మేం ఏం చేశామో, దాని వల్ల ఊరికి ఏం రాలేదో, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. క్షమించమని కూడా అడిగాను.

ఆమె వింటూ వింటూ బిందె మీద మూత సర్దింది. కోపం తెచ్చుకుంటుందేమో, తెచ్చుకుంటే బాగుండును అనుకున్నాను.

"మా అయ్యకి తెలుసక్కా," అంది మెల్లగా. "ఇల్లు సూడ్డానికి రాకముందే, కొబ్బరికాయల బేరానికొచ్చినట్టు ఓపాలి మీ ఊరొచ్చినాడు. పెద్దీధి నూతిలో తోడుకుని తాగే ఎల్లినాడు. ఇంటికొచ్చి మా యమ్మతో అన్నాడు, నీళ్ళు ఉప్పు, పిల్లోడు మంచోడు, ఏటి సేద్దారి అని. మా యమ్మ నన్నడిగింది. నానే అన్నాను, నీళ్ళు మోసుకోవచ్చు, మంచి మనిసిని ఎక్కణ్ణుంచి తెత్తారని."

ఆమె గుడ్డ మళ్ళీ చుట్టి నెత్తి మీద పెట్టుకుంది.

"నన్నడిగుంటే సెప్పుదును కదక్కా. పదారేళ్ళు ఒకింట్లో ఉన్నాం," అని ఖాళీ బిందె తీసుకుని మళ్ళీ సరుగుడు తోట వైపు వెళ్ళింది. సభకు వెళ్ళివచ్చినవాళ్ళకు తాగడానికి నీళ్ళు చాలలేదు.